పురుగుల మందు ప్రాణం మీదికి వస్తే: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పుడే ఎవరైనా మందు తాగినా, మందు కొడుతూ పడిపోయినా ఇది చదువుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. మొదటి రెండు జవాబులు మాత్రం చూసుకుని బయల్దేరండి. మిగతావి తీరికగా చదువుకోవచ్చు. ఇవన్నీ రైతు సేవా కేంద్రాల దగ్గర, మందుల కొట్ల ముందు, ఆసుపత్రి వరండాల్లో మనవాళ్లు అడిగే ప్రశ్నలే.

మా ఇంట్లో ఒకరు పురుగుల మందు తాగేశారు. మొట్టమొదట ఏం చేయాలి?

ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు మనిషి పక్కనే ఉండండి. గాలి తగిలే చోటికి తీసుకురండి. నోట్లో నురగ, వాంతి ఉంటే గుడ్డతో తుడిచేయండి. ఒంటి మీద, బట్టల మీద మందు పడి ఉంటే బట్టలు విప్పేసి సబ్బు పెట్టి ధారగా నీళ్లు పోస్తూ కడగండి. జుట్టు, చెవుల వెనక, గోళ్లు, గజ్జలు మర్చిపోకూడదు. కంట్లో పడితే 15 నిమిషాలపాటు మంచినీళ్లతో కడగాలి. బండి వచ్చేలోగా చేయాల్సిన పనులివి. బండి వచ్చాక వీటికోసం దాన్ని ఆపొద్దు.

స్పృహ తప్పుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే వాంతి అయినా బయటికి పోతుంది. వెల్లకిలా ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, తల వేలాడుతుండగా తీసుకెళ్లడం కూడా ఇలాగే ప్రమాదం.

సాయం చేసేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోండి. వాంతిలోనూ, తడిసిన బట్టల్లోనూ మందు ఉంటుంది.

కుంకుడు రసమో ఉప్పునీళ్లో తాగించి కక్కిస్తే మంచిది కదా?

కాదు. కుంకుడు రసం, ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు, కోడిగుడ్డు, పాలు, మజ్జిగ, ఏదీ వద్దు. గొంతులో వేలు పెట్టడం అసలే వద్దు. చాలా మందులు కిరోసిన్ లాంటి ద్రావకాల్లో కలిపి ఉంటాయి. కక్కించేటప్పుడు ఆ ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే మందు విషానికి నిమోనియా తోడవుతుంది. ఘాటైన మందైతే లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు మరోసారి గొంతును కాలుస్తుంది.

అసలు నష్టం ఇంకోటి. కుంకుడుకాయలు ఎవరింట్లో ఉన్నాయో వెతకడం, కొట్టి పిసకడం, నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని తాగించడం, ఇంతలో అరగంట ఇట్టే పోతుంది. పైగా వాంతి కాగానే "కడుపు ఖాళీ అయింది, ఇక పర్లేదు" అన్న ధీమా వస్తుంది. మందు అప్పటికే రక్తంలోకి చేరి ఉంటుంది. కడుపు కడగాలా, బొగ్గుపొడి ఇవ్వాలా అన్నది ఆసుపత్రిలో డాక్టరు చూసి తేల్చాల్సిన సంగతి.

మందు డబ్బా కూడా తీసుకురమ్మంటారు, ఎందుకు?

అన్ని మందులకూ వైద్యం ఒకటి కాదు. ఒకదానికి పనికొచ్చే విరుగుడు ఇంకోదానికి పనికిరాదు. గడ్డిమందుల్లో ఒక రకానికైతే అవసరం లేకుండా ఆక్సిజన్ పెట్టడమే చేటు చేస్తుంది. డబ్బా చూస్తే డాక్టరుకు రెండు నిమిషాల్లో దారి తెలుస్తుంది. డబ్బా తీసుకురాలేకపోతే లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి. కొన్న రసీదు ఉన్నా చాలు. డబ్బాను మాత్రం ప్లాస్టిక్ కవర్లో కట్టి పట్టుకెళ్లండి, జేబులో పెట్టుకోవద్దు.

డాక్టర్లకూ సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది. టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. ఇంటివాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర సెలైన్ పెట్టించి, తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్తే సరిపోదా?

సరిపోదు. సెలైన్ విరుగుడు కాదు. మనవైపు చాలామంది మంచి మనసుతోనే చేసే పొరపాటు ఇదే. రాత్రంతా రెండు సీసాలు ఎక్కించి, తెల్లారి ఊపిరి అందక పరిగెత్తడం.

దారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే అక్కడ ఆగి, ఉంటే అట్రోపిన్ (కొన్ని మందులకు విరుగుడు) మొదటి మోతాదు ఇప్పించుకుని అదే బండిలో ముందుకు వెళ్లొచ్చు. వెంటిలేటర్ అవసరం పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చివరికి చేరాల్సింది ఆ వసతి ఉన్న చోటికే. శ్రీకాకుళం జిల్లావాళ్లకు మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విజయనగరంవాళ్లకు అక్కడి సర్వజన ఆసుపత్రి, ఇంకా పైన విశాఖ కేజీహెచ్. సోంపేట నుంచో సాలూరు నుంచో అయితే దూరం ఎక్కువ. అందుకే దారిలో టెక్కలి లాంటి చోట ఆగి ఊపిరి నిలబెట్టుకుని వెళ్లడం మేలా, నేరుగా వెళ్లడం మేలా అన్నది 108 సిబ్బందికి వదిలేయండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. దొరకలేదని మాత్రం బయల్దేరడం ఆపొద్దు.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందట కదా?

ఈ భయంతో ఇంట్లో ఆపేసిన గంటలు మనుషుల్ని తినేస్తున్నాయి కాబట్టి ఈ జవాబు వివరంగా రాస్తున్నాను.

విషం కేసు వస్తే ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, నిజమే. అది ఆసుపత్రి చేయాల్సిన కాగితం పని. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, వాళ్లను శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. వాళ్లకు వైద్యం, ఆసరా అందించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పాత శిక్షాస్మృతిలో ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసే 309 సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్‌ను ఉంచలేదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం రాసుకుంటారు. అంతమాత్రాన బతికి బయటపడిన మనిషి ముద్దాయి అయిపోడు.

"ముందు కాగితం, తర్వాత వైద్యం" అనడానికి ఏ ఆసుపత్రికీ హక్కు లేదు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా ముందు ప్రాణం కాపాడాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

డాక్టరుతో అబద్ధం ఆడొద్దు. "పొరపాటున దగ్గు మందనుకుని తాగాడు" అంటే ఎంత తాగాడో, ఏం తాగాడో డాక్టరుకు సరిగా అర్థం కాదు. పరువు కోసం చెప్పిన ఆ ఒక్క మాట వైద్యాన్ని పక్కదారి పట్టిస్తుంది.

మనిషి లేచి మాట్లాడుతున్నాడు, కాఫీ తాగాడు. ఇంకా ఆసుపత్రిలో ఎందుకు ఉంచుతున్నారు?

మనవైపు వాడే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లనే జాతి ఒకటుంది. నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపే ఒక ఎంజైమును అవి పట్టేస్తాయి. ఇక సంకేతం ఆగదు. చొంగ, చెమట, కన్నీళ్లు, వాంతులు, విరేచనాలు, సూది మొనంత అయిపోయిన కంటిపాపలు, కండరాల అదురు, ఊపిరితిత్తుల నిండా నీరు, అన్నీ దానివల్లే. అట్రోపిన్ ఇందులో చాలావాటిని అదుపు చేస్తుంది. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా దాన్ని పెంచుకుంటూ ఇస్తారు. అట్రోపిన్ పనిచేసేటప్పుడు మనిషి నోరెండిపోయి, ఒళ్లు కాలిపోయి, పిచ్చి పిచ్చిగా మాట్లాడొచ్చు. "ఆసుపత్రికి తెచ్చాక మతి పోయింది" అని గొడవ పడకండి. మోతాదు సర్దితే సర్దుకుంటుంది.

అంతా బాగుందనుకున్న రెండో రోజో మూడో రోజో ఇంకో గండం ఉంటుంది. మందు తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు పట్టు తప్పి, దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతారు. దాని వెంటే ఊపిరి తీసే కండరాలు అలిసిపోతాయి. ఆ సమయానికి మనిషి వెంటిలేటర్ దగ్గరుంటే బతుకుతాడు. "బాగున్నాడు కదా" అని సంతకం పెట్టి ఇంటికి తీసుకొచ్చేస్తే మంచం మీదే పోవచ్చు. రోజూ పొద్దున "తల ఎత్తు" అని అడిగి చూడండి. ఎత్తలేకపోతే వెంటనే నర్సును పిలవండి.

గడ్డిమందు, ఎలుకల మందు పేస్టు విషయంలోనూ మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించొచ్చు. కిడ్నీలు, ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతిన్న సంగతి తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. కొంచెమే మింగాడు, ఉమ్మేశాడు అన్నా సరే, వెంటనే తీసుకెళ్లాల్సిందే.

తాగకుండా, ఊరికే మందు కొడుతూ కూడా చనిపోతారా?

చనిపోతారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ ప్రాంతంలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషిని మించి ఎదిగింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పైనుంచి పడే తుంపర మొహం మీదే పడింది.

చాలామంది ముక్కుకు తుండు కట్టుకుంటే చాలనుకుంటారు. ఎక్కువ మందు ఒంట్లోకి పోయేది చర్మం నుంచి. వీపున ఎత్తుకునే పంపు మూతకు వాషరు అరిగిపోయి ఉంటుంది. ట్యాంకు నింపి వీపుకెత్తుకుని ఒకసారి వంగగానే మూత సందులోంచి మందునీళ్లు మెడ మీద పడి, వెన్ను మీదుగా నడుముకు దిగి, లోపలి నిక్కరు తడిసిపోతుంది. ఎండలో అది చల్లగా హాయిగానే ఉంటుంది. సాయంత్రం దాకా ఆ తడితోనే నడుస్తారు. గజ్జల దగ్గరి చర్మం ముంజేతి చర్మం కంటే చాలా రెట్లు ఎక్కువగా మందును పీలుస్తుంది. పది రూపాయల వాషరు మార్చకపోవడం వల్ల వచ్చే ప్రమాదం ఇది.

ఇక కూలికి కొట్టేవాళ్లకు ట్యాంకుకు ఇంత అని లెక్క. ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. ఆగి కడుక్కోమంటే వాళ్లు ఎలా ఆగుతారు? కడుక్కునే టైముకు కూడా కూలి కట్టివ్వాల్సింది రైతే. ఇది నా అభిప్రాయం, చాలామంది రైతులకు నచ్చదు.

మందు కొడుతూ పడిపోతే అది వడదెబ్బా, మందు విషమా? ఎలా తెలుస్తుంది?

రెండింటిలోనూ తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఉంటాయి. వడదెబ్బకు ఒళ్లు కాలిపోతుంది. మందు పట్టినవాళ్లకు చొంగ కారడం, కళ్లలో నీళ్లు, చూపు మసకబారడం, ఛాతీ బిగేసినట్టుండటం, కనురెప్పలో తొడలో కండ అదరడం కనిపిస్తాయి. కంటిపాప చూడండి, చాలా చిన్నదిగా ఉంటే మందే అనుకోండి. అనుమానం తీరకపోయినా మందు కొట్టిన రోజు వచ్చిన ఏ వాంతినైనా మందు వల్లేననుకుని బట్టలు విప్పి, కడిగి తీసుకెళ్లండి. మొహం మంట, చీమలు పాకినట్టుండటం మాత్రమే ఉంటే అది పైరిత్రాయిడ్ అనే ఇంకో రకం పురుగుమందు కావచ్చు. అయినా ఆ రోజుకు పంపు దించేయాలి.

ఈ ఉక్కలో కోట్లు, గ్లౌజులు, కళ్లద్దాలు ఎవరు వేసుకుంటారండీ? "ఏటవుద్ది, ఇన్నేళ్లుగా కొట్టట్లేదేటి" అంటారు మావాళ్లు.

వాళ్లు అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. వర్షాకాలపు ఉక్కలో, మోకాలి లోతు బురదలో ప్లాస్టిక్ కోటు వేసుకోమని చెప్పేవాళ్లు ఒక్క ఎకరం కొట్టి చూడాలి. కాబట్టి అయ్యేది చెబుతాను. పాత పొడుగు చేతుల నూలు చొక్కా, పొడుగు ప్యాంటు, తలకు టోపీ. పంపుకూ వీపుకూ మధ్య ఎరువు బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిని చీల్చి అడ్డంగా కట్టుకోండి. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు రోజంతా కాకపోయినా మందు కలిపేటప్పుడు తప్పనిసరి. ఆ కాసేపు చేతిలో ఉండేది నీళ్లు కలపని అసలు మందు. కర్రతో కలపండి, చేత్తో వద్దు. ముక్కుకు కట్టిన తుండు తడిస్తే విప్పి పారేయండి, లేకపోతే మందులో ముంచిన గుడ్డతో ఊపిరి తీసినట్టే.

పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత కొట్టండి. గాలి వీపు వైపు నుంచి రావాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పుల్లతోనో మెత్తటి బ్రష్షుతోనో తీయండి. మధ్యలో చద్దన్నం తినాలన్నా, చోడి అంబలి తాగాలన్నా, బీడీ ముట్టించాలన్నా ముందు సబ్బుతో చేతులు కడగాలి. మనవైపు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల వేళ్లు ఆ చుట్టతో పాటు పెదాల దాకా పోతాయి. మందు పొలంలో పని ఉన్న రోజు చుట్ట ఇంట్లోనే వదిలి రమ్మని చెప్పండి.

పని అయ్యాక గెడ్డలోనో చెరువులోనో పంపు కడగొద్దు. ఆ బట్టలు ఇంట్లో ఆడవాళ్లు మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు.

జీడితోటలకు, కొబ్బరికి వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

జీడికి పూత మీద టీ దోమ వస్తుంది, మందు చెట్టు పైకి కొట్టాలి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో తైవాన్ పంపులతో కొడితే తుంపరంతా తిరిగి కొట్టేవాడి మొహం మీదే పడుతుంది. ఇక్కడ కళ్లద్దాలు, టోపీ లేకుండా కొట్టించడం అన్యాయం. చెట్టు కింద నిలబడకుండా గాలివాలు చూసుకుని పక్కనుంచి కొట్టాలి. కింద జీడిపిక్కలు ఏరేవాళ్లు, మేకలు ఆ రోజు తోటలోకి రాకూడదు.

కొబ్బరికి వేరు ద్వారా మందు పెట్టే పద్ధతి ఉంది. వేరు కొసకు చిన్న ప్లాస్టిక్ సంచిలో మందు పోసి కట్టి మట్టి కప్పుతారు. అంటే నేలకు జానెడు లోతులో విషం సంచి ఉందన్నమాట. పిల్లలు తవ్వే చోట, ఇంటి పెరట్లో ఆ పని చేయించొద్దు. చెట్టు మందు పీల్చాక ఆ ఖాళీ సంచుల్ని ఏరి తీసేయాలి. మందు పెట్టే ముందే కోతకొచ్చిన కాయలు దించేయండి. ఆ తర్వాత 45 రోజుల దాకా బొండాలు తాగొద్దు.

డబ్బా మీద ఆ రంగు గుర్తు ఏమిటి?

వజ్రాకారపు గుర్తులో కింది సగం రంగు చూడాలి. ఎరుపు అన్నిటికంటే విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఏమీ కాదని అర్థం కాదు. అన్నీ విషాలే. ఒకే పురుగుకు రెండు రంగుల మందులుంటే తక్కువ విషమున్న రంగు అడగండి. డీలరు "అది పని చేయదు" అంటే రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుణ్ణి అడిగి చూడండి. కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు.

రెండు మూడు మందులు కలిపి ఒకేసారి కొడితే పని తగ్గుతుంది కదా?

పని తగ్గుతుంది, విషం పెరుగుతుంది. ఎవరికైనా పట్టిందంటే డాక్టరుకు ఏది చెబుతారు?

వరికి దోమపోటు వస్తే మందు లేకుండా గట్టెక్కేదెలా?

పూర్తిగా మందు లేకుండా అని నేను చెప్పను. కానీ నాట్లప్పుడే తూర్పు పడమరలుగా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు దిగి దోమ తక్కువగా పెరుగుతుంది. మందు కొట్టేటప్పుడు కూడా పైరులో దూరకుండా ఆ బాటలో నడవొచ్చు. మన ప్రాణానికి ఇదే పెద్ద లాభం. యూరియా ఎక్కువ వేయకుండా ఉండటం, దోమ కనిపించగానే నీళ్లు తీసేసి పొలం ఆరబెట్టడం, ఎంటీయూ 1061, 1064 లాంటి దోమను తట్టుకునే రకాలు వేయడం, ఇవన్నీ రాగోలు పరిశోధన కేంద్రంవాళ్లను అడిగితే మీ నేలకు తగ్గట్టు చెబుతారు.

సగం మిగిలిన మందు ఎక్కడ పెట్టాలి?

మిగలకుండా కొనడమే మొదటి జాగ్రత్త. అర లీటరు సరిపోయేచోట లీటరు డబ్బా చవకని కొంటే ఆ మిగిలిన అర లీటరు అటక మీదో మంచం కిందో ఏడాది పొడవునా ఉంటుంది. మనవైపు పెంకుటిళ్లలో దూలం మీద, తలుపు వెనక, వంటింటి గూట్లో మందు సీసాలుంటాయి. మిగిలితే ఇంటి బయట, పశువుల శాలకు దూరంగా తాళం వేసే పెట్టెలో పెట్టండి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు మందును వేరే సీసాలోకి పోయడం. పక్కింటాయన "ఓ పావు పొయ్యవా" అంటే కూల్‌డ్రింక్ సీసాలోనో క్వార్టరు సీసాలోనో పోసిస్తారు. దాహం వేసిన పిల్లాడు మొదటిది, చీకట్లో తడుముకునే తాగుబోతు రెండోది ఎత్తేస్తాడు. ఇలాంటి చావుల్లో చంపాలనీ చావాలనీ ఎవరికీ ఉండదు.

ఖాళీ డబ్బాలు కడిగి నూనెకో నీళ్లకో వాడుకోవచ్చా?

వద్దే వద్దు. 2013 జులైలో బిహార్‌లో సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. అంతకుముందు 1958లో కేరళలో గోధుమ పిండిలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసి వందమందికి పైగా పోయారు. పురుగుమందుల చట్టం 1968లో వచ్చిందంటే ఆ విషాదమే కారణం.

ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను పంపులోనే పోసేయాలి. డబ్బాకు కన్నాలు పెట్టి, నీటి వనరులకు దూరంగా పాతేయాలి. పాత ఇనుప సామాను వాళ్లకు అమ్మొద్దు, కాల్చొద్దు.

ధాన్యంలో పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలు ఇంట్లో వాడొచ్చా?

వాడకూడదు. గాలి తగిలితే వాటిలోంచి విషవాయువు వస్తుంది. ధాన్యం గదిలో పెట్టి పక్క గదిలో పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవని సందర్భాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ బిళ్లలు మామూలు జనానికి అమ్మకూడదనే నిబంధన. శిక్షణ ఉన్నవాళ్లే గోదాముల్లో వాడాలి. కొట్టులో చాటుగా ఇస్తే తీసుకోకండి. ఇంటి ధాన్యానికి బాగా ఎండబెట్టడం, గాలి చొరబడని డబ్బాలు, వేపాకు చాలు.

చిన్నపిల్లలు ఎలుకల మందు పేస్టుతో పళ్లు తోముకుంటారట?

నిజంగానే జరుగుతోంది, ఆ ట్యూబు చూస్తే పెద్దవాళ్లే పొరబడతారు. ఇంట్లో పిల్లలుంటే పేస్టు రూపంలో ఉన్న ఎలుకల మందు కొనొద్దు. బోను పెట్టండి.

చావాలనుకున్నవాడు ఏదో ఒకటి చేస్తాడు. మందు దాచి ఏం లాభం?

ఈ మాట మన ఊళ్లలో చదువుకున్నవాళ్లు కూడా అంటారు. ఇది తప్పు, తప్పని లెక్కలు చూపిస్తున్నాయి.

చాలా సందర్భాల్లో మందు తాగడం నెలల తరబడి వేసిన పథకం కాదు. గొడవ అయింది, అవమానం అయింది, తాగి ఉన్నాడు, అప్పులవాడు ఇంటిముందు అరిచి వెళ్లాడు, చేతికందే దూరంలో సీసా ఉంది. ఆ ఆవేశం కొన్ని నిమిషాలదీ గంటలదీ. ఆ కాస్త సమయంలో విషం దొరక్కపోతే చాలామంది ఆ గడియ దాటేస్తారు. దాటినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. పేపర్లో "కడుపునొప్పి తాళలేక" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ కారణం ఒకటే ఉండటం అరుదు.

శ్రీలంక సంగతి చూడండి. 1990ల్లో ప్రపంచంలోనే ఎక్కువ ఆత్మహత్యలున్న దేశాల్లో అదొకటి. 1995 నుంచి బాగా విషమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 2015 నాటికి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఇరవై ఏళ్లలో దాదాపు 93 వేల ప్రాణాలు నిలిచాయని అంచనా. పంట దిగుబడి తగ్గలేదు. దక్షిణ కొరియా 2011-12లో పారాక్వాట్ గడ్డిమందును ఆపేస్తే రెండేళ్లలో పురుగుమందుల ఆత్మహత్యల రేటు సుమారు సగానికి పడిపోయింది.

ఇంట్లో తాళం పెట్టె విషయంలో ఒక నిజం చెప్పాలి. శ్రీలంకలోనే 180 ఊళ్లు తీసుకుని, వాటిలో సగం ఊళ్లలో ఇళ్లకు తాళం పెట్టెలు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. పెట్టెల వల్ల ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గలేదని తేలింది. తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది మరి. పిల్లల్ని కాపాడటానికి తాళం పనికొస్తుంది. పెద్దవాళ్లకైతే మందు అసలు ఇంట్లో లేకపోవడమే మేలు. తమిళనాడు కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఊళ్లలో అందరి మందూ ఒకేచోట లాకర్లలో పెట్టి, కావలసిన రోజు తీసుకెళ్లే ఏర్పాటు చేసి చూశారు, ఫలితం ఆశాజనకంగా వచ్చింది. మన రైతు సేవా కేంద్రాల్లో ఒక గది ఇలా ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మరి మన ప్రభుత్వం ఎందుకు నిషేధించదు?

కొన్నిటిని నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. 2018 ఉత్తర్వుతో 18 మందులు రద్దయ్యాయి. వాటిలో ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటివి 2020 చివరికి ఆగిపోయాయి. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని కూడా నిల్వలు అయ్యేదాకా మాత్రమే అమ్ముకోమన్నారు. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి లేని పారాక్వాట్ మాత్రం మన దగ్గర అమ్ముడవుతూనే ఉంది. రద్దయిన మందు మీ ఊరి కొట్లో కనిపిస్తే రసీదు తీసుకుని మండల వ్యవసాయాధికారికి చెప్పండి.

ఇంట్లో ఒకరిని చూస్తే అనుమానంగా ఉంది. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో?

కాదు, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. "ఏటి బావా, మాటా పలుకూ లేదు ఈమధ్య. చచ్చిపోవాలనిపిస్తోందా?" అని చనువున్నవాళ్లు సూటిగా, పక్కన కూర్చుని అడగాలి. అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, పిల్లల పేరు చెప్పి సిగ్గుపడేలా చేయకండి. విని, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లో, కళ్లంలో, మోటారు షెడ్డులో ఉన్న మందు మొత్తం ఆ పూటే వేరే ఇంటికి చేర్చేయండి. మానసిక ఆసరా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీకే అలా అనిపిస్తుంటే మీరే ఫోన్ చేయండి.

ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఈ మందుల వల్లేనా?

చాలామంది అలా నమ్ముతారు. నీళ్లు, ఎండలో ఒంటి నీరు ఇంకిపోవడం, మందులు, నొప్పి మాత్రలు, అన్నిటినీ పరిశోధకులు చూస్తున్నారు. ఏ ఒక్కటీ కారణమని ఇంకా రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. ఇక్కడ చెప్పుకుంటున్నది గంటల్లో ప్రాణం తీసే విషం గురించి, ఆ జబ్బు వేరే సంగతి.

మందు కొడుతూ కూలీ చనిపోతే కుటుంబానికి ఏమైనా వస్తుందా?

ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం లేకుండా ఏదీ రాదు. "కోతలెందుకు" అని నేరుగా దహనం చేసేస్తే దారులన్నీ మూసుకుపోతాయి. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే ప్రమాద మరణానికి 2 లక్షలు. పాస్‌బుక్ చూడండి, కట్ అవుతున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు.

ఇంటికి వచ్చేశాడు. మళ్లీ ఎప్పుడు మందు కొట్టొచ్చు?

డాక్టరు చెప్పేదాకా పంపు ముట్టుకోకూడదు. దెబ్బతిన్న ఆ ఎంజైము మళ్లీ పూర్తిగా తయారవడానికి వారాలూ నెలలూ పడుతుంది. ఈలోపు కొంచెం మందు తగిలినా మొదటిసారికంటే గట్టిగా పడుతుంది. మందు కొట్టిన పొలంలో కలుపు తీయడం, ఇంకొకరి మందు బట్టలు ఉతకడం కూడా అప్పటిదాకా వద్దు. తాగి బయటపడిన మనిషైతే డిశ్చార్జి కాగితంలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన తేదీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఆ మనిషి ఇంటి గడపలో అడుగు పెట్టకముందే ఇంట్లో, శాలలో, పొలం గట్టున ఉన్న సీసాలన్నీ తీయించేయండి.